బ్లాకులు లేవంటే సరిపోయిందా?

మా తిరుపతిలో గుండె జబ్బు మాట వస్తే మొదట అడిగేది ఒకటే: "ఎన్ని బ్లాకులు?" ఒకటా మూడా, ఎంత శాతం, స్టెంట్ వేశారా బైపాస్ అన్నారా, స్విమ్స్‌లో చూపించారా, వేలూరుకి పోతున్నారా. టీ కొట్టు దగ్గర నిలబడిన నలుగురిలో ఇద్దరికైనా ఎల్ఏడీ అంటే ఏ నాళమో తెలుసు. యాంజియో (గుండె నాళాల్లోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే బొమ్మ) సీడీని బీరువాలో, బంగారం పక్కన దాచుకున్న ఇల్లు కూడా చూశాను. బ్లాకులు లేవని తేలితే ఇక ఊళ్లో అందరికీ ఫోన్లే. "గుండె క్లీన్ అన్నారప్పా, ఉత్త గ్యాస్ అంట."

ఈ "ఉత్త గ్యాస్ అంట" మీదే నా గొడవ.

గుండెకు రక్తం తెచ్చే నాళాలు అద్దంలా ఉన్నా గుండె లయ తప్పవచ్చు, మనిషి ఉన్నచోటే కూలిపోవచ్చు. ఎందుకంటే ఆ లయ పుట్టేది నాళాల్లో కాదు. గుండె కండరంలోని ఒక్కో కణం పొరను దాటి లోపలికీ బయటికీ తిరిగే సోడియం, పొటాషియం, కాల్షియం అయాన్లలో పుడుతుంది. కాబట్టి దాన్ని చెడగొట్టేవి కూడా వేరే: రక్తంలో లవణాల లెక్క, మనం మింగే మాత్రలు, పుట్టుకతో వచ్చిన జన్యువులు, ఎప్పుడో మానిన గాయం తాలూకు మచ్చ. యాంజియోలో వీటిలో ఒక్కటీ కనబడదు. నేను డాక్టర్ని కాను, డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. గుండెలో కరెంటు ఉందంటే ఆసక్తి ఎలాగూ ఉండేది. మా పెద్దక్క విషయంలో జరిగింది చూశాక ఆ ఆసక్తికి కోపం తోడైంది.

ముందు ఆ కరెంటు సంగతి చెప్పాలి. 1880ల మొదట్లో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెను బయటికి తీసి, ఉప్పునీటిలో ఉంచి ఎంతసేపు కొట్టుకుంటుందో చూసేవాడు. బాగానే కొట్టుకునేది. ఒకసారి అదే ఉప్పును డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి పోస్తే గుండె కాసేపటికి నీరసించి ఆగిపోయింది. విచారిస్తే తేలిందేమంటే, అంతకుముందు సహాయకుడు ఉప్పునీటిని కుళాయి నీళ్లతో కలిపేవాడు. లండన్ కుళాయి నీళ్లలో కాల్షియం ఉంది. గుండెను ఆడించింది అదే. 1883లో రింగర్ ఈ సంగతి అచ్చువేశాడు. ఆస్పత్రిలో సీసాకు సీసా ఎక్కించే రింగర్స్ లాక్టేట్ సెలైన్ మీద ఉన్నది ఆయన పేరే. (మా తిరుపతి బోరు నీళ్లు దొరికి ఉంటే ఆ కప్ప గుండె ఇంకా హుషారుగా ఆడేదేమో. మా గీజరు అడుగున తెల్లగా పేరుకునేది ఆ కాల్షియమే కదా.)

ఒక గుండె కణాన్ని తీసుకుందాం. లోపల పొటాషియం ఎక్కువ, లీటరుకు సుమారు 140 మిల్లీమోల్స్. బయట రక్తంలో 4 మాత్రమే. సోడియం దీనికి సరిగ్గా తలకిందులు. బయట 140, లోపల 10 దగ్గర. ఈ తేడా ఊరికే నిలవదు. కణం పొరలో ఉన్న పంపు ఒక్కో విడతకు మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతూ పగలూ రాత్రీ పనిచేస్తుంది. డెన్మార్క్‌కు చెందిన యెన్స్ స్కౌ 1957లో దీన్ని బయటపెట్టాడు, 1997లో నోబెల్ వచ్చింది. ఇంత కష్టపడి నిలబెట్టిన తేడా వల్ల, విశ్రాంతిలో ఉన్న జఠరిక (గుండె కింది గది) కణం లోపలి వైపు బయటికన్నా దాదాపు 90 మిల్లీవోల్టులు తక్కువలో ఉంటుంది. 90 మిల్లీవోల్టులేనా అనిపిస్తుంది. కానీ ఆ పొర మందం ఒక మీటరులో వంద కోట్ల వంతుల్లో ఏడెనిమిది మాత్రమే. లెక్క వేస్తే అక్కడున్న విద్యుత్ క్షేత్రం మీటరుకు కోటి వోల్టులు దాటుతుంది. గాలి అయితే మీటరుకు 30 లక్షల వోల్టుల దగ్గరే తట్టుకోలేక మెరుపై పగిలిపోతుంది. క్లాసులో ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు వెనక బెంచీలు కూడా తలెత్తేవి.

పక్క కణం నుంచి కాస్త విద్యుత్ తగలగానే సోడియం ద్వారాలు తెరుచుకుంటాయి. వెయ్యోవంతు సెకనులో సోడియం లోపలికి పోటెత్తి, మైనస్‌లో ఉన్న కణం ప్లస్‌లోకి వెళ్తుంది. నరంలో అయితే ఈ తంతు ఒకటి రెండు మిల్లీసెకన్లలో ముగుస్తుంది. గుండె కణం అలా కాదు. కాల్షియం నెమ్మదిగా లోపలికి వస్తూ ఉండగా దాదాపు 250 నుంచి 300 మిల్లీసెకన్లు ఆ పైస్థాయిలోనే నిలబడుతుంది. వచ్చిన ఆ కొద్ది కాల్షియం, కణం లోపలి గోదాములో ఉన్న ఇంకా ఎక్కువ కాల్షియాన్ని వదిలిస్తుంది. కండరం బిగిసేది అప్పుడు. చివరగా పొటాషియం బయటికి పోయి కణాన్ని మళ్లీ మైనస్‌కు దింపుతుంది.

ఆ 300 మిల్లీసెకన్ల నిలుపుదలలోనే మన ప్రాణరక్షణ ఉంది. అప్పటిదాకా సోడియం ద్వారాలు మళ్లీ తెరుచుకోవు, ఎవరు తట్టినా సరే. తిరుమల క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్ ఖాళీ అయ్యాక, అది మళ్లీ నిండేదాకా గేటు తీసినా లోపలి నుంచి ఎవరూ రారు, అలాంటిదే ఇదీ. ఒక తరంగం దాటిపోయిన దారిలో వెంటనే ఇంకో తరంగం వెనక్కి రాలేదు. అందుకే విద్యుత్ పైనుంచి కిందికి ఒకసారి నడిచి ఆరిపోతుంది, తర్వాతి దెబ్బకు కొత్తగా మొదలవుతుంది. ఆ మొదలుపెట్టేది కుడి కర్ణికలో (గుండె పై గదిలో), పైన ఉన్న సైనస్ నోడ్ అనే కణాల గుంపు. దాని కణాలకు స్థిరమైన విశ్రాంతి అంటూ ఉండదు. ఒక దెబ్బ ముగియగానే తమంతట తాము మెల్లగా పైకి పాకుతూ తర్వాతి దెబ్బకు సిద్ధమవుతాయి. ఈ పాకుడుకు కారణమైన కరెంటు మిగతావాటికి భిన్నంగా, ఓల్టేజి బాగా మైనస్‌లోకి పోయినప్పుడు తెరుచుకుంటుంది. 1979లో దాన్ని గమనించినవాళ్లు ఇదేం వింతరా అనుకుని "ఫన్నీ కరెంట్" అని పేరు పెట్టేశారు. శాస్త్రంలో ఆ పేరే స్థిరపడింది.

ఇక లయ తప్పడం. దీనికి ప్రధానంగా మూడు దారులు చెబుతారు గానీ మూడింటి మీదా సమానంగా మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. మొదటిది, కొట్టుకోమని చెప్పే పని తమది కాని కణాలు తామే మొదలుపెట్టడం. చాలామందికి అప్పుడప్పుడు వచ్చే ఎక్స్‌ట్రా బీట్లలో కొన్ని ఇలాంటివే. "గుండె ఒక్కసారి జారి మళ్లా ఎక్కొచ్చినట్టుందిరా" అంటుంది మా అక్క. ముందుగా వచ్చిన దెబ్బ అసలు తెలియదు, అప్పటికి గుండెలో రక్తం సరిగా నిండి ఉండదు కాబట్టి. తర్వాత కాస్త విరామం వస్తుంది, అదే జారినట్టు అనిపించడం. ఆ విరామంలో రక్తం ఎక్కువ నిండి, కాల్షియం కూడా ఎక్కువ పోగై వచ్చే దెబ్బ గట్టిగా తగులుతుంది. గుండె ఆరోగ్యంగా ఉన్నవారిలో వీటితో సాధారణంగా ప్రమాదం లేదు. నిద్ర చాలకపోయినా, కాఫీ ఎక్కువైనా, టెన్షన్ పడినా కొందరికి పెరుగుతాయి. వాటిని చూసి హడలిపోవాలని నేను చెప్పడం లేదు.

రెండో దారి దగ్గరే ఆగాలి. చివరగా పొటాషియం బయటికి పోయి కణాన్ని దింపుతుందన్నాను కదా. ఆ దింపుడు ఆలస్యమైతే, జఠరికల్లో విద్యుత్ లేచి మళ్లీ దిగేదాకా పట్టే సమయాన్ని చూపే క్యూటీ అనే దూరం ఈసీజీలో సాగుతుంది. కణం పైస్థాయిలో అవసరానికి మించి ఉండిపోతే కాల్షియం ద్వారాలు కొన్ని కోలుకుని మళ్లీ తెరుచుకుంటాయి. దిగాల్సిన ఓల్టేజి మధ్యలో ఒక్కసారి పైకి లేస్తుంది. ఆ చిన్న లేపుడే చుట్టుపక్కల కణాలకు పాకిందంటే దొంగ దెబ్బ, దాని వెనకే ఇంకొకటి. నిమిషానికి 200 పైగా, మెలికలు తిరుగుతూ పెద్దదై చిన్నదై పోయే గీతలు ఈసీజీ మీద పడతాయి. 1966లో ఫ్రాన్స్‌కు చెందిన దెసెర్తెన్ దీన్ని వర్ణించి టోర్సాడ్ అన్నాడు. గుండె వణుకుతుంది తప్ప రక్తం మెదడుకు పోదు. మనిషి పడిపోతాడు. కొన్నిసార్లు దానంతట అదే సర్దుకుంటుంది, లేచి కూర్చుని "కళ్లు తిరిగాయి" అంటాడు. కొన్నిసార్లు సర్దుకోదు.

కణాన్ని దింపే ఆ పొటాషియం ద్వారాల్లో (వీటినే ఛానెళ్లంటారు) ముఖ్యమైన దాని పేరు హెర్గ్. 1960ల చివర్లో ఈథర్ వాసన చూపిస్తే కాళ్లు ఆడించే ఈగల్లో దాని బంధువు జన్యువు దొరికింది, మనుషుల్లోది 1994లో బయటపడింది. ఈ ఛానెల్‌కు రెండు దుర్గుణాలు. ఒకటి, దాని లోపలి నోరు వెడల్పు. రకరకాల మందుల అణువులు అందులో దూరి ఇరుక్కుంటాయి. రెండోది, రక్తంలో పొటాషియం తగ్గితే ఇది ఇంకా మొండికేస్తుంది. మామూలు ఫిజిక్స్ లెక్కలో బయట పొటాషియం తగ్గితే లోపలిది మరింత జోరుగా బయటికి రావాలి. హెర్గ్ దగ్గర ఆ లెక్క చెల్లదు. అంటే వాంతులు, విరేచనాలు అయి పొటాషియం పడిపోయిన మనిషికి, ఈ ఛానెల్‌ను మూసే మందు ఇస్తే రెండు దెబ్బలూ ఒకే చోట పడతాయి.

మా పెద్దక్కది పుత్తూరు. ఎముక విరిగితే ఎక్కడెక్కడి వాళ్లో కట్టు కోసం పుత్తూరు వస్తారు. పుత్తూరోళ్లు మాత్రం గుండె దడకు మెడికల్ షాపుకి పోతారు. డెబ్బై దగ్గర పడిన అక్కకు బీపీ ఉంది. బీపీ మాత్రలోనే నీరు తీసే మందు కూడా కలిసి ఉంది, నీటితో పాటు పొటాషియాన్నీ బయటికి పంపే రకం. పొద్దున్నే పరగడుపున గ్యాస్ క్యాప్సూల్. అది ఎవరు ఎప్పుడు రాశారో ఆమెకే గుర్తులేదు, ఏళ్ల తరబడి వేసుకుంటూనే ఉంది. ఒక పెళ్లి భోజనం తర్వాత వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఇంటికొచ్చిన ఆర్ఎంపీ వాంతులకు ఒక సూది వేసి, జ్వరం కూడా ఉందని ఓ యాంటీబయాటిక్ ఇచ్చాడు. విడివిడిగా చూస్తే ఏదీ వింత వైద్యం కాదు. మరునాడు పెరట్లో చాకిరేవు బండ దగ్గర పడిపోయింది. నిమిషం తిరక్కముందే లేచింది.

తీసుకెళ్లిన నర్సింగ్ హోమ్‌లో తలకు స్కాన్ తీశారు. ఈసీజీ కూడా తీశారు. "హార్ట్ అటాక్ ఏం లేదు, వీక్‌నెస్, సెలైన్ పెడదాం" అన్నారు. నేను వెళ్లేసరికి మా కోడలు ఊపిరి పీల్చుకుని ఉంది. "ఏం లేదన్నారు మామా, గ్యాస్ పైకి తన్నిందంట." ఆ రాత్రి అక్క మళ్లీ స్పృహ తప్పింది. ఈసారి అదృష్టం కొద్దీ మానిటర్ తగిలించి ఉంది, డ్యూటీలో ఉన్న అమ్మాయి ఆ మెలికల గీతలు చూసింది. చిన్న వయసు డాక్టరే. ముందు మెగ్నీషియం ఎక్కించింది. తర్వాత మమ్మల్ని అడిగింది ఒక్కటే: "ఇంట్లో ఈ పెద్దమ్మ వేసుకునే మాత్రలన్నీ, ఒక్కటి వదలకుండా పట్టుకురండి." రక్తంలో పొటాషియం 3 కన్నా తక్కువ ఉంది, ఉండాల్సింది 3.5 నుంచి 5. మధ్యాహ్నం తీసిన ఈసీజీలోనే క్యూటీ సాగి ఉంది. ఆ సంఖ్య కాగితం మీద యంత్రమే అచ్చువేసి ఉంది. హార్ట్ అటాక్ గుర్తుల కోసం చూసిన కళ్లు ఆ సంఖ్య దగ్గర ఆగలేదు.

కోలుకున్నాక వేరేచోట యాంజియో కూడా చేయించారు. బ్లాకులు లేవు. ఇంట్లో స్వీట్లు పంచారు! చావు అంచుదాకా తీసుకెళ్లినది ఏమిటో ఎవరూ మాట్లాడలేదు, బ్లాకులు లేవు కదా.

ఇప్పుడు ఆ గ్యాస్ క్యాప్సూల్ గురించి మాట్లాడాలి. మన ఊళ్లలో పప్పు ఉప్పులా అమ్ముడయ్యే ఈ క్యాప్సూళ్లలో చాలావాటిలో రెండు మందులుంటాయి. యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ లాంటిది ఒకటి, డోంపెరిడోన్ ఒకటి. డోంపెరిడోన్ హెర్గ్ ఛానెల్‌లో ఇరుక్కునే రకం. 2014లో యూరప్ మందుల సంస్థ దీన్ని సమీక్షించి, వికారం, వాంతులకు మాత్రమే వాడాలనీ, పెద్దవాళ్లకు రోజుకు 10 మిల్లీగ్రాములు మూడుసార్లకు మించవద్దనీ, మామూలుగా వారం దాటవద్దనీ చెప్పింది. కడుపు ఉబ్బరం, గుండె మంటలకు వాడకం తీసేయమంది. 60 దాటినవారిలో ప్రమాదం ఎక్కువన్నది కూడా అందులో ఉంది. మన క్యాప్సూళ్లలో చాలావాటిలో 30 మిల్లీగ్రాములు ఒకేదాంట్లో, నెమ్మదిగా విడుదలయ్యేలా ఉంటాయి. యూరప్‌లో వారం రోజులకు ఒప్పుకున్న గరిష్ట మోతాదు, మన దగ్గర ఏళ్ల తరబడి పరగడుపున. జంటలో రెండోవాడూ పూర్తిగా అమాయకుడు కాదు. పాంటోప్రజోల్ కోవకు చెందిన మందులు ఏళ్లపాటు వాడితే కొందరిలో మెగ్నీషియం పడిపోతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లో హెచ్చరించింది. మెగ్నీషియం తగ్గితే పొటాషియం నిలవదు.

వాంతులకు వేసే ఒండాన్‌సెట్రాన్‌ది కూడా ఇదే కథ. అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మీద ఎఫ్‌డీఏ 2013లో హెచ్చరిక ఇచ్చింది. గ్యాస్ కోసమే ఒకప్పుడు విరివిగా వాడిన సిసాప్రైడ్ ఇదే కారణంతో అమెరికా మార్కెట్ నుంచి 2000లో పోయింది, మన దేశంలో 2011లో నిషేధించారు. 2005 నుంచి కొత్త మందు ఏదైనా మార్కెట్‌కు రావాలంటే హెర్గ్‌ను ఏం చేస్తుందో చూపించాలన్న అంతర్జాతీయ మార్గదర్శకాలున్నాయి. ప్రపంచం ఇంత జాగ్రత్త పడుతుంటే మన వీధి చివర చీటీ లేకుండా స్ట్రిప్పులకు స్ట్రిప్పులు చేతికి ఇస్తున్నారు.

దీనికి ఒక డాక్టరు మిత్రుడు అడ్డుపడ్డాడు. "సార్, లక్షల మంది వేసుకుంటున్నారు, ఎంతమంది పడిపోతున్నారు? మీరు ఇలా రాస్తే జనం అవసరమైన మందులు కూడా మానేస్తారు." మొదటి మాటలో న్యాయం ఉంది. ఒక్క మందు, మామూలు మోతాదు, పొటాషియం సరిగా ఉన్న మనిషి, అప్పుడు ప్రమాదం చాలా తక్కువ. ప్రమాదం ఒకదాని మీద ఒకటి పేరుకునేచోట ఉంది: వయసు, ఆడవాళ్లు కావడం (వాళ్లలో క్యూటీ సహజంగానే కాస్త పొడవు), నీరు తీసే మాత్ర, వాంతులు, రెండో మందు, మూడో మందు. ఆ పేర్చుడును చూడాల్సిన మనిషి ఎవరు? బీపీ డాక్టరుకు గ్యాస్ సంగతి తెలియదు, ఆర్ఎంపీకి బీపీ మాత్రలో ఏముందో తెలియదు, షాపువాడికి ఏదీ అక్కర్లేదు. రెండో మాట మాత్రం నేను ఒప్పుకుంటాను. ఇది చదివి ఎవరూ సొంతంగా ఏ మందూ ఆపకండి. బీపీ మాత్ర ఠక్కున ఆపితే వచ్చే ముప్పు ఇంకా పెద్దది. మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని ఒకే డాక్టరు ముందు పెట్టండి, అంతే.

పొటాషియం తగ్గితే ప్రమాదం అన్నానని ఎండాకాలం కొబ్బరి బొండాల మీద పడేవాళ్లకు ఒక మాట. వంద మిల్లీలీటర్ల కొబ్బరి నీళ్లలో దాదాపు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. కిడ్నీలు బాగున్నవారికి మేలే. కిడ్నీ జబ్బున్నవారిలో అదంతా రక్తంలో పేరుకుంటే కణం మైనస్ 90 దాకా దిగలేక పైనే ఉండిపోతుంది, సోడియం ద్వారాలు చచ్చుబడతాయి, గుండె మందగించి ఆగిపోవచ్చు. డయాలసిస్ చేయించుకునేవారికి బొండం వద్దని చెప్పేది అందుకే. వంట్లో ఉన్న పొటాషియంలో 98 శాతం కణాల లోపలే ఉంటుంది. రక్తంలో తిరిగే ఆ మిగిలిన రెండు శాతంలోనే ఇంత నాటకం.

మందులు లేకుండానే, పుట్టుకతోనే ఈ ఛానెళ్లు పాడైన పిల్లలుంటారు. ఇది మా రాయలసీమ వాళ్లం ముఖ్యంగా వినాల్సింది, ఎందుకంటే మేనమామనో మేనబావనో చేసుకోవడం మనకు ఇంకా మామూలే. 1957లో నార్వేలో యెర్వెల్, లాంగే నీల్సన్ అనే ఇద్దరు వైద్యులు ఒక కుటుంబం గురించి రాశారు. పుట్టు చెవుడున్న పిల్లలు, మధ్యమధ్యలో స్పృహ తప్పి పడిపోతున్నారు, కొందరు అలాగే చనిపోయారు. ఈసీజీలో క్యూటీ బాగా పొడవు. చెవికీ గుండెకూ ఏం సంబంధం? దింపే పొటాషియం ఛానెళ్లలో ఒకటి లోపలి చెవిలో కూడా పనిచేస్తుంది. ఆ ఛానెల్ జన్యువుకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే రెండు ప్రతులూ చెడితే చెవీ గుండే రెండూ దెబ్బతింటాయి. మేనరికంలో ఆ రెండూ కలిసే అవకాశం ఎక్కువ. ఒకే ప్రతి చెడినవారికి చెవులు బాగానే ఉంటాయి, గుండె ముప్పు మాత్రం ఉండవచ్చు. కొందరు ఈతలోనో పరుగులోనో పడిపోతారు, కొందరు అలారం మోతకు ఉలిక్కిపడి. మన దగ్గర ఇలాంటి పిల్లకు ముందు దిష్టి తీస్తారు, తర్వాత తాయెత్తు కడతారు, ఆ తర్వాత ఫిట్స్ మందు మొదలుపెడతారు. చెవుడున్న బిడ్డ స్పృహ తప్పి పడిపోయిందంటే, ఆటలో పరుగెత్తుతూ ఏ బిడ్డ కుప్పకూలినా, ఒక్క ఈసీజీ తీయించడానికి అయ్యే ఖర్చు తాయెత్తుకు అయ్యేదానికన్నా పెద్ద ఎక్కువేం కాదు. తెలిస్తే, గుండె మీద అడ్రినలిన్ జోరును తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలతో చాలామందిని కాపాడవచ్చు.

కణంలో కాల్షియం మితిమీరి నిండి, విశ్రాంతిలో ఉండగా కారిపోవడం కూడా దొంగ దెబ్బలకు ఒక కారణం. డిజాక్సిన్ అనే గుండె మందు మోతాదు మించినవారిలో జరిగేది ఇదే. దాని వివరాలు ఇంకోసారి.

మూడో దారి, తరంగం ఆరిపోకుండా చుట్టూ తిరగడం. ఇంగ్లండ్‌కు చెందిన జార్జ్ రాల్ఫ్ మైన్స్ 1913 ప్రాంతంలో జంతువుల గుండె కండరాన్ని ఉంగరంలా కోసి, ఒక తరంగం అందులో గిరగిరా తిరుగుతూనే ఉండటం చూపించాడు. షరతు ఒకటే: దారి తగినంత పొడవుండాలి, లేదా తరంగం నెమ్మదించాలి, లేదా కణాలు త్వరగా కోలుకోవాలి, అది చుట్టి వచ్చేసరికి మొదటి చోటు మళ్లీ సిద్ధంగా ఉండేలా. 1914 నవంబరులో మాంట్రియల్‌లోని తన ల్యాబ్‌లోనే, 28 ఏళ్లకే స్పృహ లేకుండా కనబడి చనిపోయాడు. తన మీదే ప్రయోగం చేసుకుని ఉంటాడని చాలామంది నమ్మకం. హార్ట్ అటాక్ మచ్చ చుట్టూ తిరిగే ప్రాణాంతకమైన తరంగాలకూ, కర్ణికలు గజిబిజిగా వణికే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కూ ఆయన ఉంగరమే మూలం. ఈ రెండోదాన్ని మొదలుపెట్టే దొంగ దెబ్బలు ఎక్కువగా ఊపిరితిత్తుల నుంచి వచ్చే సిరల మొదళ్లలో పుడతాయని 1998లో బోర్డోలో హైసాగెర్ బృందం కనిపెట్టింది. ఆ మొదళ్ల చుట్టూ కణాలను కాల్చి దారి మూసే నేటి అబ్లేషన్ చికిత్స నిలిచి ఉన్నది దాని మీదే. అంతకు మూడేళ్ల ముందు నెదర్లాండ్స్‌లో మేకల మీద చేసిన ప్రయోగం ఇంకో సంగతి చెప్పింది: ఫిబ్రిలేషన్ ఎంత కాలం సాగితే కణాలు అంత తొందరగా కోలుకోవడం అలవాటు చేసుకుంటాయి, అంత సులువుగా మళ్లీ అందులోకి జారతాయి. అంటే ఆలస్యం చేసే కొద్దీ జబ్బు తన దారిని తానే చదును చేసుకుంటుంది. వణికే కర్ణికలో రక్తం నిలిచి గడ్డకట్టి మెదడుకు పోతే పక్షవాతం. ఆ ముప్పు మామూలుకన్నా ఐదు రెట్లు. చిన్నప్పుడు కీళ్లవాతపు జ్వరం వచ్చి వాల్వు పాడైనవారికి ఇంకా ఎక్కువ. ఇక్కడ కూడా యాంజియో క్లీన్‌గానే ఉండవచ్చు. మణికట్టు దగ్గర నాడి అర నిమిషం పట్టుకుని చూస్తే మాత్రం, ఏ దెబ్బకూ ఏ దెబ్బకూ లెక్క కుదరకపోవడం మనకే తెలిసిపోతుంది.

లయ తప్పితే లయ సరిచేసే మాత్ర ఇచ్చేస్తే పోదా అనుకునేవాళ్లకు కాస్ట్ అనే అమెరికా పరిశోధన సంగతి చెప్పాలి. హార్ట్ అటాక్ వచ్చి, తర్వాత ఎక్స్‌ట్రా బీట్లు ఉన్నవారికి, సోడియం ద్వారాలను అణిచే రెండు మందులు ఇచ్చారు. ఈసీజీ చక్కబడింది. మనుషులు ఎక్కువ చనిపోయారు. మందు తీసుకున్న 755 మందిలో 63 మంది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 743 మందిలో 26 మంది. 1989లో ఆ రెండు మందుల భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. మచ్చ ఉన్న గుండెలో తరంగాన్ని నెమ్మదింపజేస్తే ఏమవుతుందో మైన్స్ ఉంగరమే చెబుతుంది: చుట్టి రావడానికి మరింత వీలు. ఎక్స్‌ట్రా బీట్లు ఆపడానికి మాత్ర కావాలని డాక్టరు మీద ఒత్తిడి చేసే మా వాకింగ్ స్నేహితులకు ఈ రెండు సంఖ్యలూ చెబుతుంటాను. ఇష్టంగా వినరు.

అలిపిరి మెట్లు 3,550. గుండె జబ్బులున్నవారు నడకదారిలో రావద్దని టీటీడీ చెబుతూనే ఉంటుంది. "నాకేం జబ్బు, యాంజియో క్లీన్" అని ఎక్కేవాళ్లు ఉన్నారు. పొద్దున నీరు తీసే మాత్ర వేసుకుని, దర్శనమయ్యేదాకా ఉపవాసమని ఏమీ తినక, ఎండలో చెమటోడుస్తూ ఎక్కుతారు. పైగా ఇంతకుముందు రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయిన చరిత్ర కూడా ఉంటుంది కొందరికి. ఎక్కుతూ పడిపోవడం, దడ వచ్చి పడిపోవడం, వంశంలో చిన్న వయసులో ఎవరో నిద్రలో పోవడం: ఇవి ఉన్నవాళ్లు మెట్లెక్కే ముందు యాంజియో సీడీ చూసి ధైర్యం తెచ్చుకోకూడదు, లయ చూసే డాక్టరు దగ్గరికి పోవాలి.

ఈసీజీ కాగితం పట్టేది పది సెకన్ల కథ. గుండె రోజుకు లక్ష సార్లు కొట్టుకుంటుంది. దడ తగ్గాక, ఆటో ఎక్కి, టోకెన్ తీసుకుని, లైన్లో కూర్చుని తీయించుకున్న ఈసీజీ నార్మల్ అంటే ఆ పది సెకన్లు నార్మల్ అని అర్థం. దడ ఉన్నప్పుడే దగ్గర్లో ఎక్కడైనా ఒకటి తీయించండి. కుదరకపోతే 24 గంటలు ఒంటికి తగిలించి ఈసీజీ రాసుకునే హోల్టర్ యంత్రం గురించి అడగండి. తీసిన కాగితం మడిచి ఫైల్లో పెట్టే ముందు పైన మూలన క్యూటీసీ (గుండె వేగానికి తగ్గట్టు సరిచేసిన క్యూటీ, మిల్లీసెకన్లలో) అని ఉన్న సంఖ్య చూడండి. మగవాళ్లకు 450, ఆడవాళ్లకు 460 దాటితే అడగాల్సిన ప్రశ్న ఉంది. 500 దాటితే ఇంటికి వెళ్లకముందే అడగాలి. యంత్రం ఒక్కోసారి తప్పు కొలుస్తుంది, అందుకే డాక్టరు చేత స్కేలుతో కొలిపించండి, విసుక్కున్నా సరే. పాత ఈసీజీలు పారేయకండి. మా అక్కది మూడేళ్ల నాటి కాగితం ఒకటి బియ్యం డబ్బా కింద దొరికింది, ఆ డ్యూటీ డాక్టరమ్మాయి రెండూ పక్కపక్కన పెట్టి చూసి గ్యాస్ క్యాప్సూల్ పేరు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది.